ఊరివారి నడుగు విద్య

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత యెరుగని బాలుడు మన పాఠశాలలో నొక్కడును లేడు. అయినను పదియేండ్లు మన బల్లలమీద గూర్చుండి చదివి, మంచి మార్కులతో వెలుపలికి బోవు విద్యార్థికి అడుగుట చేతగాదని నేననినచో చదువరులు కోపింపకుందురు గాక. వానికి మనము నేర్పినది ఉత్తరము చెప్పుట మాత్రమే. ప్రశ్న యెల్లప్పుడును ఉపాధ్యాయునిది, ఉత్తరము వానిది. పరీక్షలో ప్రశ్నపత్రము మేమిత్తుము, వాడు నింపును. పిమ్మట నొకనాడు వాడు పెట్టె చేతబట్టుకొని దిల్‌సుఖ్‌నగరులో బస్సు దిగును. కిరాయికి గది యెక్కడ దొరకును, ఏ మెస్సులోని యన్నము కడుపునకు హితము, ఏ గల్లీలో వేసవి యందును నీరు వచ్చును, రాత్రి యెన్ని గంటల వరకు బస్సు గలదు అను చింతలు వానిని చుట్టుకొనును. అచ్చట ప్రశ్నపత్రము నిచ్చువా డెవ్వడును లేడు. వాడే ప్రశ్న వేయవలెను. వేయ నేర్వనందున నొక మూల నిలుచుండి చేతిలోని ఫోనువంక చూచుచుండును.

మన తుర్కయాంజాల్ సాగరు రోడ్డుమీది యూరు. చెరువును పొలములును నమ్ముకొని బ్రదికిన యీ పల్లె ముంగిటికి పట్టణము తానే నడచి వచ్చినది. ఇబ్రహీంపట్నము నుండి 277 సంఖ్యగల బస్సులు మన మీదుగనే పట్టణమునకు బోవుచున్నవి. 2018 సెప్టెంబరు నెలలో మెట్రో రైలు ఎల్.బి. నగరు వరకు వచ్చినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మనకు కొంచెము దూరమున బొంగులూరు వద్ద సాగరు రోడ్డును దాటుచున్నది. కాబట్టి మన రోడ్డుమీద రెండు ప్రవాహము లెదురెదురుగ నడచుచున్నవి. మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు నగరమునకు బోవుచుండగా, దేవరకొండ వైపు నుండియు, నగరములోని యిరుకు గల్లీల నుండియు కుటుంబములు ప్లాట్లు వెదకికొనుచు నిచ్చటికి వచ్చుచున్నవి. పోవువారును వచ్చువారును కూడ క్రొత్తయూరిలో నడుగవలసినవారే. అడుగుటలో పొరబడినచో బాలుడు రెండు మూడు దినములు కష్టపడి సర్దుకొనును. కుటుంబమునకైతే జన్మమెల్ల కూడబెట్టిన ధనము నీటిపాలగును. నీటిపాలగుట యను మాటను నేనిచ్చట అలంకారముగా వాడలేదు. అదెట్లో ముందు చెప్పెదను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు ప్రశ్నించుటను గూర్చి కొన్ని నియమములు బోధించిరి. ఉత్తరమును ప్రశ్నలోనే దాచి యడుగరాదు. అవును, కాదు అను నొక్కమాటతో ముగియు ప్రశ్న వలన బాలుని మనస్సులోని దేమియు తెలియదు. తెలిసినదానిని చెప్పించవలెను గాని, మనకు కావలసినదానిని పలికించరాదు. ఆ నియమములు తరగతి గదికే చెందినవని నేను చాలకాల మనుకొంటిని. ఇప్పుడు చూడగా బజారున నవి మరింత యక్కరకు వచ్చునని తోచుచున్నది.

ఇల్లు కిరాయికి చూడవచ్చిన పెద్దమనిషి గల్లీ మొదటనున్న కిరాణా దుకాణమువానిని, "ఏమన్నా, ఇక్కడ నీళ్ల కిబ్బంది లేదు గదా?" అని యడుగును. దుకాణమువాడు "లేదు" అనును. పాపము, వానిది అబద్ధము కాదు. అడిగినవాడు లేదను మాటనే తన ప్రశ్నలో పెట్టి చేతికిచ్చినాడు. మర్యాదగల మనుష్యుడు దానినే తిరిగి యిచ్చినాడు. అదే ప్రశ్నను "అన్నా, పోయిన మే నెలలో మీ యింటికి నల్లా యెన్నిదినముల కొకసారి వచ్చెను? ట్యాంకరు తెప్పించుకొంటిరా? ఎంత పెట్టితిరి?" అని మార్చి వేసినచో వాడు కొంచెము తలగోకికొని నిజమును చెప్పును. మొదటి ప్రశ్న వాని యభిప్రాయమును అడిగినది. రెండవది వాడు చూచినదానిని. అభిప్రాయమున మర్యాద కలియును. చూచినదానిలో నది కలియుట కష్టము.

ఇది మన ప్రాంతమున మరియు నవసరము. ఏలయనగా మనవారు దారి యడిగినవానిని వట్టిచేతులతో పంపరు. దారి తెలియకపోయినను "సీదా పోయి యెడమకు తిరుగు" మని చెప్పి పంపుదురు. ఎంత దూరమన్న "పక్కకే" నందురు. ఆ పక్క నాలుగు ఫర్లాంగులు కావచ్చును, నాలుగు కిలోమీటర్లు కావచ్చును. ఎంతసేపు నడువవలెనని యడిగినచో కొంత నయము. ఇక హైదరాబాదు ఉర్దూలో పరసోం అను మాట యొకటి కలదు. నిఘంటువులో దాని యర్థము మొన్న లేక ఎల్లుండి. హైదరాబాదువాని నోట నది గడచిన యేనాడైనను కావచ్చును. ఆ కాలువ పరసోం బాగుచేసినారని వినిన క్రొత్తవాడు పొంగిపోవును; అది పదియేండ్ల క్రిందటి మాటయై యుండును. కాబట్టి ఏ పండుగకు ముందు, ఎవరి పెండ్లి యేడు అని యడుగ నేర్వవలెను. మన పల్లెలలో తేదీలకంటె పెండ్లిండ్లు బాగుగా జ్ఞాపకముండును.

పేరులును మోసపుచ్చును. మన తుర్కయాంజాల్‌లో మాసబ్ చెరువు కలదు. నగరములో మాసాబ్ ట్యాంక్ కలదు. రెంటికిని నడుమ ఇరువది కిలోమీటర్లకు మించిన దూరము. నగరములోని దానియందు ట్యాంకు లేదు; చెరువు పూడిపోయి దానిచోట చాచా నెహ్రూ ఉద్యానవనము వెలసినది. బంధువులు "మాసాబ్ చెరువు కాడ" అని చెప్పగా ఆటో యెక్కి, ఉద్యానవనము ముందు దిగి చెరువేదని వెదకినవాని గతి యేమగునో విద్యార్థు లూహింపవచ్చును.

ఇంతకు, ఈ దినములలో నింకొకరి నడుగనేల, ఫోనులో పటము లేదా అని మా పదవ తరగతి బాలురు నన్నడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దారి విషయమున ఫోనును నేను తక్కువ చేయను. తెలియని మనుష్యుని యెదుట నోరువిప్పుటకు సిగ్గుపడు బాలికకును, చీకటిపడిన పిమ్మట దిగిన ప్రయాణికునకును అది గొప్ప యుపకారి. అయితే పటము నేలను పైనుండి చూచును. వేసవిలో తీసిన చిత్రమున చెరువు మైదానమువలె కనబడును. వానకాలమున నా మైదానము చెరువగునని చిత్రము చెప్పదు. ఫలానా భోజనశాల మంచిదని నూరుగురు నక్షత్రములు వేసియుందురు. వారిలో నా వంటశాల వెనుకటి మోరీని చూచినవాడు లేకపోవచ్చును. దానిని చూచినవాడు ఎదుటి గోడకు బల్ల వేసికొని బట్టలు ఇస్త్రీ చేయువాడు. ఆ గల్లీలోని ప్రతి యింటి తలుపును వాడు తట్టును. ఏ యింటివారు ఖాళీ చేయుచున్నారు, ఏ యజమాని అడ్వాన్సు తిరిగి యిచ్చుటకు పేచీ పెట్టును, ఏ మేడమీదికి నీరెక్కదు, అన్నియు వానికి తెలియును. వాని నడుగువా రరుదు.

ఎవరి నడుగవలెను అన్నదే యీ వ్యాసమున నాకు ముఖ్యమైన విషయము.

మన పాఠశాలలో చదివిన యొక బాలిక తండ్రి, ఆటో నడిపి జీవించువాడు, స్వగ్రామమున నున్న కొలది భూమి నమ్మి ఇచ్చట నూటయేబది గజముల ప్లాటు కొనదలచి భార్యతో నొక యాదివారము వచ్చెను. అడుగక కొనవలదని యాతనికి తెలియును. అందుచేత నలుగురి నడిగెను. షామియానా క్రింద కుర్చీలు వేసికొని కూర్చున్న యువకుని నడిగెను. ఆ షామియానా ప్రక్క చాయి కాచువాని నడిగెను. దారివెంట మోటారుసైకిలుపై యనుకొనకుండ వచ్చినట్టు వచ్చి యాగిన యొకని నడిగెను. పొరుగు ప్లాటు కొనియున్న వేరొకని నడిగెను. నలుగురును బహుమంచి స్థలమని చెప్పిరి. మొదటివాడు అమ్మువాడు. రెండవవాని చాయి మొదటివాని వలన చెల్లుచున్నది. మూడవవానికి దళారి రుసుము కలదు. నాలుగవవాడు తన ప్లాటు ధర పెరుగవలెనని యెదురుచూచుచున్నాడు. నలుగురు సాక్షులు కారు. ఒక్క సాక్షియే నాలుగు నోళ్లతో పలికినాడు.

భార్య యిది కనిపెట్టినదో, ఎండకు తాళలేకనో, కొంచెము దూరమున మేకలను కాచుకొనుచున్న వృద్ధుని యొద్దకు నడచి, "తాతా, వానకాలము మేకల నెక్కడ మేపుతవు?" అని యడిగెను. ప్లాటు మాట యెత్తనేలేదు. ముసలివాడు, "ఈ దిక్కు రాను బిడ్డా, ఈడంత బురద. మత్తడి దుంకిన యేడు నీళ్లు గా తుమ్మచెట్టు మొదలు దాంక వచ్చినయి" అని కఱ్ఱతో చూపెను. తుమ్మచెట్టు వారు చూచిన ప్లాటునకు ఎగువ నుండెను. వారు కొనలేదు. ఆ ప్లాటు మరుసటి నెలలోనే మరియొకరి కమ్ముడుపోయినది. కొనినవారు మేకలవాని నడుగలేదు.

ఆ యిల్లాలు వేసిన ప్రశ్నను మా శిక్షణ కళాశాలలో నేర్పదగును. అందు ఉత్తరము దాగి లేదు. అబద్ధమాడుటకు ముసలివానికి కారణము లేదు. అతడు ప్రతిదినము చేయు పనిని గూర్చియే యడిగినది గనుక ఆతనికంటె దానిని బాగుగ నెరిగినవాడును లేడు.

చెరువు గర్భములోని భూమిని మన తెలంగాణమున శిఖము అందురు. నీరు తీసిన యేట దానిని దున్నుకొని పైరుపెట్టుకొనుటకు పట్టాదారునకు హక్కుండవచ్చును. ఇల్లు కట్టుకొనుటకు లేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లును, అంతకు చిన్నదానికి 9 మీటర్లును ఖాళీగా విడువవలెను. ఆ హద్దుల పటములను హెచ్.ఎం.డి.ఎ. వారు ప్రకటించుచున్నారు, 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ హద్దు మీరిన కట్టడములను కూల్చుట మనమెల్లరము చూచితిమి. పటములు చూడవలెను, దస్తావేజులు చదివించవలెను, వలదని నేననను. అయితే ఆ పటములు చూడ వలెనను బుద్ధి పుట్టుటకు ముందు తుమ్మచెట్టు సంగతి యొకడు చెవిని వేయవలెను గదా. రిజిస్ట్రేషను కాగితము ఎంత బాగుగానున్నను నీరు దానిని చదివి వెనుదిరుగదు.

చెరువు పదియేండ్లు, ఇరువదియేండ్లు నిండకపోవచ్చును. అప్పుడది చెరువని యెవరికిని తోచదు. పిల్లలు క్రికెట్టు ఆడుకొందురు. 2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన వాన యీ మరపును వదలించినది. ఘట్‌కేసరు వద్ద ఒక్కనాట 32 సెంటీమీటర్ల వర్షము పడినది. పల్లె చెరువు కట్ట తెగినది; కొలది దినములకు గుఱ్ఱం చెరువు నీరు బస్తీలను ముంచినది. మేడమీది కెక్కి రాత్రిని గడపిన కుటుంబములలో ననేకులు తా మొక చెరువుబాటలో కాపురమున్న సంగతి ఆ రాత్రియే తెలిసికొనిరి. అంతకు నూట పండ్రెండేండ్ల ముందు, 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగినపుడు సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. నదికి ఎగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగుటయే యా యుపద్రవమున కొక ముఖ్యకారణము. అఫ్జల్‌గంజిలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్నది. దాని పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు నిర్మింపబడినవి. వరద తగ్గినది, దానితోపాటు వరదను గూర్చిన జ్ఞాపకమును తగ్గినది.

జపానుదేశమున అనెయోషి యను చిన్న పల్లె కలదు. 1933లో సముద్రపు పెనుకెరటము వచ్చి పల్లెను తుడిచిపెట్టగా, మిగిలినవారు కొండచరియమీద నొక రాయి పాతి, దీనికి దిగువ నిల్లు కట్టవలదని చెక్కించిరి. వారి సంతతివారు ఆ మాట మీరలేదు. 2011లో మరల సముద్రము వచ్చినది. కెరటము రాతికి దిగువనే యాగినది. మనకట్టి రాళ్లు లేవు. మనకున్నవి పేరులు. నల్లకుంట అను పేరులో కుంట వినబడుచునే యున్నది. అంబరుపేటలో బతుకమ్మ కుంట యని పేరు మిగిలి, నీరు మిగులని చోట 2025 ఫిబ్రవరిలో త్రవ్వగా కొలది యడుగుల లోతుననే నీరూరినది. ఆ యేడు సెప్టెంబరులో దానిని చెరువుగా పునరుద్ధరించి ప్రారంభించిరి. పేరు తెలిసినవారిని ఆ పేరెందుకు వచ్చెనని యడిగినచో సగము చరిత్ర బయటపడును.

ఇక దూరదేశములకు బోవువారి మాట. పరదేశమున మన భాష వినబడిన చెవికి తేనె పోసినట్లుండును. తెలుగువాడే చెప్పినాడు గదా యని నమ్ముదుము. ఊరివాడు వేరు, మనవాడు వేరు అని యచ్చట మరతుము. ఒకప్పుడు విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాలనుండి వేలకొలది తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూనునకు బోయిరి. బర్మావారు వారిని కోరంగీలనిరి. కోరంగి రేవుపేరు వారి కంటుకొనినది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరములో సగముకంటె నెక్కువమంది భారతీయులే. వారికి రంగూనును గూర్చి చెప్పినది రంగూనువారు కారు, మేస్త్రీ. మేస్త్రీ తెలుగువాడే. ముందుగ బయానా యిచ్చి యోడ నెక్కించి, పిమ్మట కూలిలో విరుగగోసికొనువాడును వాడే. ఆ నగరమున కూలిపనుల కొరకు స్థానికులకును మనవారికిని నెట్టి ద్వేషము రగులుచుండెనో వాడు చెప్పియుండడు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మెతో మొదలైన యల్లరిలో మనవారనేకులు హతులైరి.

కాలము మారినను ఆ వరుస మారలేదు. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో ప్రభుత్వాధికారులే యొక బూటకపు సంస్థను పెట్టి నడపిన సంగతి బయటపడెను. నూరుమందికి పైగా భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో తెలుగువారే మిక్కుటము. వారిని చేర్పించి రుసుము పుచ్చుకొన్నందులకు ఎనిమిదిమందిపై నేరము మోపబడెను. వారిలోను తెలుగువారే యెక్కువ. విద్యార్థులలో కొందరు తెలిసియే చేరిరని యధికారులనిరి. ఆ వాదము నాకిచ్చట నక్కరలేదు. పాఠములు చెప్పు గది యేది, ఉపాధ్యాయుడెవరు, పోయిన సంవత్సరము పట్టము పుచ్చుకొన్నవా డొక్కడు కలడా అని ఆ యూరిలో బస్సు నడుపువానిని, పుస్తకములమ్మువానిని అడుగదగునని మాత్రము చెప్పుచున్నాను. తరగతులు జరుగని విశ్వవిద్యాలయమును ఆ యూరివారు ఎరుగక మానరు.

ఊరివారిని నమ్ముటకును మేర గలదు. నీటిని గూర్చి, బస్సును గూర్చి, దోమలను గూర్చి, కరెంటును గూర్చి వారు చెప్పినది వినుడు. మనుష్యులను గూర్చి చెప్పినదానిని జల్లెడ పట్టుడు. "ఆ బస్తీలో నుండవలదు, వాండ్లు మంచివాండ్లు కారు" అను మాట నగరమున ప్రతి వీథిలోను దొరకును. ప్రక్క వీథివారు వీరిని గూర్చి యదేమాట చెప్పుచుందురు. కిరాయి యిల్లడుగబోయిన మన పిల్లలను "మీరేమిటోళ్లు?" అని మొదటనే యడుగు యజమానులు గలరు. కులమును, మతమును, వంటింటిలో నేమి వండుదురో దానిని తెలిసికొనిన పిమ్మట ఖాళీగా నున్న గది నిండిపోవుట మన క్రైస్తవ కుటుంబములకును, ముస్లిము కుటుంబములకును, దళిత కుటుంబములకును క్రొత్త కాదు. అట్టి యజమాని పొరుగువారిపై చెప్పు తీర్పు సలహా కాదు. ఎవడు చూచినదానిని చెప్పుచున్నాడో, ఎవడు వినినదానిని చెప్పుచున్నాడో విడదీయుట అడుగువాని పని. "మీరు స్వయముగా చూచితిరా?" అను చిన్న ప్రశ్నకు చాల ప్రచారములు నిలువవు.

అడుగు పద్ధతిని గూర్చి రెండు మాటలు. ఇచ్చట పిలుపులోనే పని సగము జరుగును. అన్నా, అక్కా, తాతా, అవ్వా, భాయ్ అని పిలిచినవానికి చెప్పుదురు. "ఓయ్" అనినవానికి దారి చెప్పినను తప్పుదారియే చెప్పుదురు, అది వారి తప్పు కాదు. పనిలోనున్నవాని నాపి యడుగరాదు. ఇస్త్రీవాని పెట్టె బొగ్గులు రాజుకొనుచుండగా నిలుచుండుడు, వాడే "ఏం గావాలె సారూ" అనును. చాయి త్రాగుచు నడిగినదానికిని, బండి ఇంజను నాపకుండ నడిగినదానికిని వచ్చు ఉత్తరములు వేరు. బాలికలకు నేనొకటి చెప్పుదును: గది చూడబోయినపుడు అచ్చట నిదివరకే నుండు బాలికలను, యజమానురాలు లేనివేళ, రాత్రి తొమ్మిది గంటలకు బస్సు దిగి గదివరకు నడచివచ్చు దారి యెట్లుండునని యడుగుడు. పగలు చూచిన గల్లీ రాత్రి గల్లీ కాదు. కూరగాయల బండి పెట్టుకొను అవ్వ చీకటిపడు వరకు అచ్చటనే యుండును, ఆమెకు తెలియును.

ఇంతవరకు పోవువారిని గూర్చి చెప్పితిని. మనల నడుగవచ్చువారు దినదినము హెచ్చుచున్నారు. సాగరు రోడ్డుమీద బస్సు దిగి, చేతిలో ప్లాట్ల కాగితము పట్టుకొని నాలుగుదిక్కులు చూచువారిని మన విద్యార్థులు ప్రతి సాయంకాలము చూచుచున్నారు. వారికి మనమేమి చెప్పుచున్నాము? మన యిండ్లలో ననేకులకు భూముల బేరముతో నెంతో కొంత సంబంధము గలదు. చెప్పిన చిన్నాయనకు కోపము వచ్చును, చెప్పకున్న నొక కుటుంబము మునుగును. ఇది చిన్న చిక్కు గాదు. పదునాలుగేండ్ల బాలుని మీద నా భారము పెట్టుట నాకిష్టము లేదు. అందుకొరకే నాకు తోచిన దొకటి మా తోటి యుపాధ్యాయుల యెదుట నుంచుచున్నాను.

పూర్వము ప్రతి చెరువునకు నీరటివాడుండెడివాడు. తూము తీయుట, మూయుట, మత్తడి కావలి, ఏ మడికెంత నీరన్నది చూచుట వాని వృత్తి. ఆ వృత్తి చేసిన కుటుంబములవారును, చెరువు క్రింద వరి పండించిన రైతులును, చేపలు పట్టినవారును మన చుట్టుప్రక్కల నింకను కలరు. వారిలో పెద్దవారు ఎనుబది దాటుచున్నారు. ఈ వేసవి సెలవులలో తొమ్మిదవ తరగతి విద్యార్థు లిద్దరిద్దరుగ బోయి, వారి నడిగి వ్రాసికొని రావలెను. ఏ యేట మత్తడి పోసినది, నీరెంతవరకు వచ్చినది, ఆ మేరకు గురుతేమి, పాత కాలువ యే వైపున పారెడిది, ఇప్పుడు దానిమీద నేమున్నది. అడుగు రీతిని సెలవులకు ముందు రెండు పీరియడులలో నేను నేర్పెదను. ఉత్తరము దాచిన ప్రశ్న వేసినవారికి మార్కులు తగ్గించెదను. పెద్దలు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాయవలెను, గ్రాంథికము చేయరాదు. ఇద్దరు ముగ్గురు చెప్పినది కలిసినపుడు చెరువు పటముమీద పెన్సిలుతో గీత గీయవలెను.

ఆ నోటుపుస్తకములు పాఠశాల గ్రంథాలయమున బీరువాలో గాక, తలుపు ప్రక్కనున్న బల్లమీద నుండవలెను. శనివారము మధ్యాహ్నము గ్రంథాలయము తెరచియుండును. ప్లాటు కాగితము పట్టుకొని వచ్చినవారెవరైనను లోనికి వచ్చి చూచుకొనవచ్చును. చదువురానివారికి చదివి వినిపించుటకు ఎనిమిదవ తరగతివారు వంతులు వేసికొన నంగీకరించిరి. మొదటి పుటలో ఆ తుమ్మచెట్టును గుర్తించవలసియున్నది. మేకల తాత వచ్చి చూపెదనన్నాడు.